ముందు అక్షరం పెద్దది చేయండి, తర్వాతే యాప్ ఎక్కించండి

కావలి ట్రంకు రోడ్డు నుంచి లోపలికి తిరిగే ఒక సందులో నాది చిన్న సెల్ షాపు. గ్లాసు మార్చడం, ఛార్జింగ్ పిన్ను వేయడం, రీఛార్జి చేయడం నా పని. అయితే సాయంత్రం ఐదు దాటాక వచ్చేవాళ్లలో చాలామందికి ఫోను బాగానే ఉంటుంది. "అబ్బయ్యా, దీంట్లో ఏందో వచ్చింది, తీసెయ్" అంటారు. చూస్తే ఎప్పుడో ఏదో బొమ్మ మీద నొక్కి ఉంటారు, అది అడిగిన ప్రతిదానికీ ఓకే కొట్టి ఉంటారు. ఎందుకు కొట్టావు పెదనాయనా అంటే ఒకటే జవాబు: "కనపడితే గదా చదివేదానికి!"

తెలియని లింకు నొక్కొద్దని, పర్మిషన్లు చూసి ఇవ్వమని చెప్పేవాళ్లకు కొదవ లేదు. ఆ పర్మిషన్ పెట్టె చీమ తలకాయంత అక్షరాలతో, రాని భాషలో, ఎండకు వెలవెలబోయే స్క్రీన్ మీద వస్తే మనిషి ఏం చూసి ఇస్తాడు? అందుకే నా దగ్గరికి వచ్చిన ఫోనులో మొదట స్క్రీన్ సరిచేస్తాను. యాప్‌ల సంగతి ఆ తర్వాత. మీ ఫోనుకైనా, ఇంట్లో పెద్దవాళ్ల ఫోనుకైనా ఇదే వరసలో చేయండి. అరగంట పని. నేను చెప్పేదంతా ఆండ్రాయిడ్ గురించే, ఐఫోను గురించి మధ్యలో రెండు ముక్కలు చెప్తాను.

అక్షరాల సైజు

ఒక్కో కంపెనీ ఫోనులో సెట్టింగ్స్ ఒక్కో రకంగా ఉంటాయి. సామ్‌సంగ్‌లో ఒక చోట ఉన్నది వివోలో ఇంకో చోట ఉంటుంది. కాబట్టి దారి బట్టీ పట్టొద్దు. సెట్టింగ్స్ తెరిచి, పైన ఉండే వెతికే పెట్టెలో ‘ఫాంట్’ అని ఇంగ్లీషులో కొట్టండి. ఏ కంపెనీదైనా అక్షరాల సైజు మార్చే చోటు దొరుకుతుంది. ఇకముందు నేను చెప్పే ప్రతి సెట్టింగునూ ఇలాగే వెతుక్కోండి.

సాధారణంగా రెండు గీతలు కనిపిస్తాయి, వేలితో కుడికి లాగితే పెరుగుతాయి. ఒకటి ఫాంట్ సైజు, రెండోది డిస్‌ప్లే సైజు. రెండోదాన్ని సామ్‌సంగ్‌లో స్క్రీన్ జూమ్ అంటారు. ఫాంట్ సైజు అక్షరాలను మాత్రమే పెంచుతుంది. డిస్‌ప్లే సైజు అక్షరాలతో పాటు బటన్లనూ బొమ్మలనూ పెంచుతుంది. చూపు ఆననివాళ్లకు మొదటిది కావాలి. ఒకటి నొక్కబోయి పక్కది నొక్కేవాళ్లకు రెండోది కావాలి. 2023లో వచ్చిన ఆండ్రాయిడ్ 14 నుంచి అక్షరాలను 200 శాతం దాకా పెంచుకునే వీలుంది, పాత ఫోన్లలో అంత పెరగవు.

ఇంగ్లీషుకు చాలిన సైజు తెలుగుకు చాలదు. మన అక్షరానికి పైన గుడి, కింద వొత్తు, పక్కన కొమ్ము. ఇంత సరంజామాను ఇంగ్లీషు అక్షరం పట్టే ఎత్తులోనే ఇరికించాలి. అందుకని షాపులో నేనొక చిన్న పరీక్ష పెడతాను. వాట్సాప్‌లో మీకు మీరే ఒక మెసేజ్ పంపుకోండి: ‘ద ధ థ’. ఫోనును మీరు మామూలుగా పట్టుకునే దూరంలోనే పట్టుకోండి, ముక్కు దగ్గరికి తీసుకురావద్దు. ‘ధ’ కింద చిన్న గీత, ‘థ’ కడుపులో చుక్క విడివిడిగా కనిపిస్తే ఆ సైజు చాలు. మూడూ ఒకటే సున్నాలా కనిపిస్తే ఇంకో మెట్టు పెంచండి.

అలాగని చివరికంటా లాగేయొద్దు. ఆ తప్పు నేనే చేశాను. మా మేనత్త ఫోనులో రెండు గీతలూ పూర్తిగా లాగిచ్చి పంపాను. మర్నాడు పొద్దున్నే ఫోను. "ఒరే, గ్యాసు బుక్ చేసే బటనే పోయిందిరా!" బటను ఎక్కడికీ పోలేదు, స్క్రీను పట్టక కిందికి దిగిపోయింది. పైకి తోస్తే వస్తుందని ఆమెకు తెలియదు. ఆ టెన్షన్‌లో పక్కింటి పిల్లాడికి ఫోనూ పిన్ నంబరూ రెండూ ఇచ్చేసింది. కాబట్టి సైజు మార్చాక, రోజూ వాడే రెండు మూడు యాప్‌లు తెరిచి కింది బటన్లు కనిపిస్తున్నాయో లేదో చూడండి. కనిపించకపోతే డిస్‌ప్లే సైజు ఒక మెట్టు తగ్గించి, ఫాంట్ సైజు అలాగే ఉంచండి.

ఫోనులో పెంచినా కొన్ని యాప్‌లకు సొంత సైజు ఉంటుంది. వాట్సాప్‌లో సెట్టింగ్స్, చాట్స్, ఫాంట్ సైజు. క్రోమ్‌లో సెట్టింగ్స్‌లోని యాక్సెసబిలిటీ. అక్షరాలు పల్చగా ఉన్నాయనిపిస్తే ‘బోల్డ్ టెక్స్ట్’ అని వెతికి ఆన్ చేయండి. సైజు పెంచడంతో పాటు ఇదీ కొందరికి సుఖంగా ఉంటుంది.

భాష

సెట్టింగ్స్‌లో ‘లాంగ్వేజ్’ అని వెతికి, తెలుగు చేర్చి, దాన్ని పట్టుకుని పైకి లాగితే ఫోనంతా తెలుగులోకి వస్తుంది. ఇది అందరికీ నచ్చదు. ఫోన్లో ఉండే తెలుగు అక్కడక్కడా ఎవరూ మాట్లాడని తెలుగు, నాకూ కొంచెం చిరాకే. పైగా ఏదైనా నేర్చుకుందామని వీడియో పెడితే అందులో చెప్పే పేర్లన్నీ ఇంగ్లీషువే. దానికి ఒక మధ్యే మార్గం ఉంది. 2022లో వచ్చిన ఆండ్రాయిడ్ 13 నుంచి ఒక్కో యాప్‌కు ఒక్కో భాష పెట్టుకోవచ్చు. ‘యాప్ లాంగ్వేజెస్’ అని వెతకండి. ఫోను ఇంగ్లీషులో ఉంచి, తెలుగు ఉన్న యాప్‌లు మాత్రం తెలుగులో పెట్టుకోండి. డబ్బు పంపే యాప్‌లకు ఇది మొదట చేయండి.

తెలుగులో పెట్టుకున్నవాళ్లు ఒక చోట కళ్లు పెద్దవి చేసుకుని చూడాలి. పర్మిషన్ అడిగే పెట్టెలో చాలా ఫోన్లలో పైన ‘అనుమతించండి’ అని, కింద ‘అనుమతించవద్దు’ అని ఉంటుంది. మొదటి నాలుగక్షరాలూ ఒకటే, తేడా అంతా తోకలో ఉంది. తొందరలో చూసేవాడికి రెండూ ఒకే మాట. తోక చూసి నొక్కండి.

చదువు రానివాళ్ల ఫోనులో యాక్సెసబిలిటీలోకి వెళ్లి ‘సెలెక్ట్ టు స్పీక్’ ఆన్ చేయండి. స్క్రీన్ మీద ఉన్న తెలుగును ముట్టుకుంటే పైకి చదివి వినిపిస్తుంది. గొంతు రాకపోతే ‘టెక్స్ట్ టు స్పీచ్’లో తెలుగు గొంతు దించుకోవాలి. మా షాపు ముందు పూలమ్మే అక్క మెసేజ్‌లన్నీ ఇలాగే వింటుంది.

వెలుతురు, నలుపు తెలుపు

డార్క్ మోడ్ మంచిదా అని రోజుకు ఒక్కరైనా అడుగుతారు. కళ్లకు ఏది హాయిగా ఉంటే అది పెట్టుకోండి. రాత్రిపూట నల్ల వెనకతలం చాలామందికి బాగుంటుంది. కొందరికి నలుపు మీద తెల్లక్షరాలు అంచులు చెదిరినట్టు కనిపిస్తాయి, వాళ్లు మామూలు తెలుపులోనే ఉండాలి. ఛార్జింగ్ ఆదా అనేది అమోలెడ్ తరహా స్క్రీన్లలోనే చెప్పుకోదగ్గది, మామూలు ఎల్‌సీడీ స్క్రీన్లలో పెద్ద తేడా రాదు. ఎండాకాలం రొయ్యల చెరువు గట్టు మీద నిలబడి ఫోను చూసేవాళ్లు మాత్రం డార్క్ మోడ్ తీసేసి వెలుతురు పూర్తిగా పెంచుకోండి. నీళ్ల మీద ఎండ కొట్టేటప్పుడు నల్ల స్క్రీను అద్దమైపోతుంది. మీ ముఖం తప్ప ఏమీ కనపడదు.

‘స్క్రీన్ టైమ్‌అవుట్’ పెద్దవాళ్లకు ఒకటి రెండు నిమిషాలు పెట్టండి. ముప్పై సెకన్లుంటే చదివేలోపే ఆరిపోతుందని కంగారుపడి ఏదో ఒకటి నొక్కేస్తారు. పది నిమిషాలు పెట్టారా, బల్ల మీద వదిలిన ఫోను ఎవరి చేతికైనా తెరిచిన పుస్తకమే.

అన్నట్టు, బల్ల మీద పెట్టిన ఫోనుకు లాక్ ఉన్నా మెసేజ్ పైకి కనపడుతుంటే లాభం లేదు. ఓటీపీ వస్తే తెర మీదే మెరుస్తుంది. సెట్టింగ్స్‌లో నోటిఫికేషన్లలోకి వెళ్లి, లాక్ స్క్రీన్ మీద మెసేజ్ వచ్చినట్టు మాత్రం చూపి లోపలి మాటలు దాచేలా మార్చండి. ‘సెన్సిటివ్’ అని వెతికితే చాలా ఫోన్లలో దొరుకుతుంది.

తెర మీదికి ఎక్కి కూర్చునేవి

"ఫోను తెరిస్తే చాలు ప్రకటనలు వస్తుండాయి" అని వచ్చేవాళ్ల ఫోన్లలో నేను మొదట చూసేవి రెండు.

ఒకటి, ‘డిస్‌ప్లే ఓవర్ అదర్ యాప్స్’. కొన్ని ఫోన్లలో ‘అపియర్ ఆన్ టాప్’ అంటారు. ఒక యాప్ ఇంకో యాప్ పైకెక్కి కనిపించడానికి ఇచ్చే అనుమతి ఇది. ఫోను ఎవరు చేశారో చూపించే యాప్‌లకూ మరి కొన్నిటికీ ఇది నిజంగా అవసరం. టార్చిలైటుకు, గోడబొమ్మల యాప్‌కు, పంచాంగానికి ఎందుకు? దొంగ యాప్ చేతిలో ఇది పడితే ప్రకటనలతో ఆగదు. మీ బ్యాంకు యాప్ మీద అచ్చం అలాంటి పిన్ పెట్టెనే పరిచి, మీరు కొట్టిన అంకెలు పట్టుకుపోగలదు. ఆ జాబితా తెరిచి, పేరు గుర్తుపట్టని ప్రతిదానికీ ఆఫ్ చేయండి. ఏదైనా పని ఆగితే అదే మళ్లీ అడుగుతుంది, అప్పుడు ఇవ్వచ్చు.

రెండోది క్రోమ్. ఎప్పుడో క్రికెట్ స్కోరు చూస్తూ ఏదో వెబ్‌సైట్‌కు నోటిఫికేషన్లు పంపుకోమని ఒప్పేసుకుని ఉంటారు. అప్పటి నుంచి ‘మీ ఫోనులో వైరస్‌లు ఉన్నాయి, వెంటనే శుభ్రం చేయండి’ అని ఎర్రక్షరాలతో వస్తుంటుంది. ఆ మాట చెప్పేది మీ ఫోను కాదు, ఆ వెబ్‌సైట్. క్రోమ్ సెట్టింగ్స్‌లో సైట్ సెట్టింగ్స్, అందులో నోటిఫికేషన్లు. తెలియని పేర్లన్నీ తీసేయండి. శుభ్రం చేసే యాప్ ఏదీ ఎక్కించనక్కర్లేదు.

గడియ పెట్టడం

ఇక యాప్‌లు. ఏదైనా ఎక్కించే ముందు ఒక తలుపుకు గడియ పెట్టాలి. 2017లో వచ్చిన ఆండ్రాయిడ్ 8కి ముందు ‘అన్‌నోన్ సోర్సెస్’ అని మొత్తం ఫోనుకు ఒకే స్విచ్ ఉండేది. దాని తర్వాత ఒక్కో యాప్‌కు ఒక్కో స్విచ్ వచ్చింది. అంటే వాట్సాప్ ద్వారా వచ్చిన యాప్ ఎక్కాలంటే వాట్సాప్‌కు, క్రోమ్‌లో దించింది ఎక్కాలంటే క్రోమ్‌కు మీరు విడిగా అనుమతి ఇవ్వాలి. ఇప్పుడే ఇలా చేయండి:

1. సెట్టింగ్స్‌లో ‘ఇన్‌స్టాల్ అన్‌నోన్ యాప్స్’ అని వెతకండి. తెలుగులో పెట్టుకుంటే ‘తెలియని యాప్‌లు’ అని వెతకండి.
2. వచ్చిన జాబితాలో వాట్సాప్, టెలిగ్రామ్, క్రోమ్, ఫైల్స్, బ్లూటూత్ ఇలా ఏవేవో ఉంటాయి. ప్రతిదాని కిందా అనుమతి లేదు అనే ఉండాలి.
3. దేనికైనా అనుమతి ఉంటే తీసేయండి. మీరు ఇవ్వకపోయినా పిల్లలు ఆటల కోసం ఇచ్చి ఉంటారు. ఎవరిచ్చారని గొడవ వద్దు, తీసేస్తే సరి.
4. ప్లే స్టోర్ తెరిచి, పైన కుడివైపు మీ ఫొటో నొక్కి, దొంగ యాప్‌లను వెతికి పట్టే ‘ప్లే ప్రొటెక్ట్’లోకి వెళ్లి స్కాన్ కొట్టండి. అక్కడే పళ్లచక్రం బొమ్మ నొక్కితే స్విచ్‌లు ఉంటాయి, అవి ఆన్‌లో ఉండాలి.

ఎవరైనా ఫోన్ చేసి "ప్లే ప్రొటెక్ట్ ఆపండి సార్, అది అడ్డం వస్తోంది" అన్నారంటే ఇంకేమీ వినక్కర్లేదు, ఫోను పెట్టేయండి. గూగుల్‌కు కూడా ఈ సంగతి అర్థమైంది. 2025లో వచ్చిన ఆండ్రాయిడ్ 16లో, మీ కాంటాక్ట్స్‌లో లేని నంబరుతో మాట్లాడుతుండగా బయటి యాప్‌ను తొలిసారి ఎక్కించబోతే ఫోనే ఆపుతుంది.

సింగరాయకొండ పెద్దాయన ఫోను

గడియ తీసేస్తే ఏమవుతుందో ఒక ఫోను సంగతి చెప్తాను. సింగరాయకొండ దగ్గర పొగాకు రైతు. కూతుర్ని మా ఊరికి ఇచ్చాడు, అలా వచ్చి నాకు ఫోను చూపించాడు. రాత్రి పొగాకు ఎండబెట్టే బ్యారన్ దగ్గర మంట చూసుకుంటూ కూర్చుంటే వాట్సాప్‌లో మెసేజ్ వచ్చింది. కరెంటు బిల్లు అప్‌డేట్ కాలేదు, రాత్రికి సప్లై ఆపేస్తాం, ఈ యాప్ దించుకోండి అని. కింద ఒక ఫైలు, పేరు చివర చుక్క పెట్టి ‘ఏపీకే’ అన్న మూడు ఇంగ్లీషు అక్షరాలు. ఆండ్రాయిడ్ యాప్‌ను ఎక్కించే ఫైలుకు ఉండే తోక అది.

ఆ మెసేజ్ నేను చదివాను. సంస్థ పేరు ఏపీఎస్పీడీసీఎల్ అని ఉంది. అది మా నెల్లూరు వైపు సంస్థ. ప్రకాశం జిల్లాకు కరెంటు ఇచ్చేది ఏపీసీపీడీసీఎల్. ఎస్‌కీ సీకీ తేడా, ఒక్క అక్షరం. ఆయన ఫోనులో ఆ అక్షరం ఆవగింజంత ఉంది. నేను సైజు పెంచి చూపిస్తే, "ఇది మనది కాదు గదయ్యా" అన్నాడు వెంటనే. చదువు వచ్చినవాడే. చదివేంత అక్షరం లేదు, అంతే.

ఆ రాత్రి ఆయన నొక్కినవి వరసగా అడిగి తెలుసుకున్నాను. ఫైలు నొక్కగానే, ఇలాంటి ఫైలు ప్రమాదం కావచ్చని ఒక పెట్టె వచ్చింది, ఓకే కొట్టాడు. వాట్సాప్ నుంచి యాప్‌లు ఎక్కించడానికి అనుమతి లేదని రెండోది వచ్చింది, సెట్టింగ్స్‌లోకి పోయి స్విచ్ ఆన్ చేశాడు. ఇన్‌స్టాల్ చేయమంటారా అని మూడోది, చేయమన్నాడు. ఎక్కాక మెసేజ్‌లు చదువుకోవచ్చా అని నాలుగోది, చదువుకోమన్నాడు. నాలుగు తలుపులు, నాలుగూ ఆయన చేత్తోనే తీయించారు. ఆ నాలుగో తలుపు దగ్గరే అసలు పని అయిపోయింది. ఇక బ్యాంకు నుంచి వచ్చే ఓటీపీ ఆయన కంటే ముందు అవతలివాడికి చేరుతుంది.

ఇదే ఫైలు కరెంటు బిల్లు పేరుతోనే వస్తుందని లేదు. పెళ్లి పత్రిక అని, పీఎం కిసాన్ అని, బండి చలానా అని, బ్యాంకు రివార్డు పాయింట్లు అని వస్తుంది. పెళ్లి పత్రిక ఫొటోగానో పీడీఎఫ్‌గానో వీడియోగానో వస్తుంది. యాప్‌గా వచ్చిందంటే అది పెళ్లి కాదు.

చాలామంది తడబడేది ఇక్కడ: "మా బావ పంపాడు గదా, తెలియనోడు కాదు గదా!" నిజమే, బావ నంబరు నుంచే వచ్చింది. కానీ బావ పంపలేదు. ఆయన ఫోనులో ఎక్కిన దొంగ యాప్ ఆయన వాట్సాప్‌ను చేతిలోకి తీసుకుని, ఉన్న గ్రూపులన్నిటికీ అదే ఫైలు పంచింది. ఊరి రొయ్యల రేట్ల గ్రూపులో పడితే ఒక్క పూటలో ఊరంతా ఎక్కుతుంది. కాబట్టి పంపిన మనిషి నమ్మకస్తుడా అని చూడకండి, యాప్ ఎక్కడి నుంచి దిగుతోందో చూడండి. బావకు ఫోన్ చేసి అడగండి, మెసేజ్ పెట్టొద్దు. వాట్సాప్‌లో జవాబిచ్చేది బావ కాకపోవచ్చు.

ఐఫోనువాళ్లకు ఏపీకే బెడద లేదు, ఆ ఫైలు అసలు ఎక్కదు. వాళ్లను టెస్ట్‌ఫ్లైట్ (ఇంకా పరీక్షలో ఉన్న యాప్‌లు ఎక్కించుకునే ఆపిల్ యాప్) పేరుతోనో, ఏదో ప్రొఫైల్ ఎక్కించమనో అడుగుతారు. యాప్ స్టోర్ దాటి ఏది అడిగినా వద్దనండి.

ప్లే స్టోర్‌లోనూ చదవాలి

ప్లే స్టోర్‌లో ఏదైనా వెతికితే పైన వచ్చేది మీరు వెతికినదే అనుకోవద్దు. మొదటిది చాలాసార్లు డబ్బు కట్టి పైకి వచ్చిన ప్రకటన, పక్కన ‘స్పాన్సర్డ్’ అని సన్నగా రాసి ఉంటుంది. దాన్ని దాటి కిందికి రండి. ఎక్కించే ముందు ఈ వరసలో చూడండి.

యాప్ పేరు కింద, వేరే రంగులో, తయారుచేసినవాళ్ల పేరు ఉంటుంది. పేరూ బొమ్మా ఎవరైనా కాపీ కొడతారు, ఈ పేరు దగ్గర దొరికిపోతారు. డిజీలాకర్ లాంటి ప్రభుత్వ యాప్‌కు ఎవరో ఒక వ్యక్తి పేరో, ఊరూపేరూ లేని స్టూడియో పేరో ఉంటే వదిలేయండి. ప్రభుత్వ యాప్‌లు కొన్నిటికి ‘గవర్నమెంట్’ అనే గుర్తు కూడా కనిపిస్తుంది. పేరు చదివేటప్పుడు అక్షరం అక్షరం చదవండి. ఇంగ్లీషులో ఆర్, ఎన్ పక్కపక్కన రాస్తే చిన్న ఫాంట్‌లో ఎమ్ లాగే ఉంటుంది, ఈ కిటుకు మీద బతికేవాళ్లున్నారు.

తర్వాత ఎంతమంది దించుకున్నారో చూడండి. దేశమంతా వాడే బ్యాంకు యాప్‌కు వెయ్యి డౌన్‌లోడ్‌లే ఉంటే అది ఆ బ్యాంకుది కాదు. స్టార్లు నమ్మకండి, డబ్బిస్తే వస్తాయి. రివ్యూల్లో కొత్తవి ముందు వచ్చేలా మార్చి, ఒక్క స్టార్ ఇచ్చినవాళ్లు ఏమన్నారో నాలుగు చదవండి. ‘డబ్బులు పోయాయి’, ‘తీసేద్దామంటే పోవడం లేదు’ అని ఇద్దరు ముగ్గురు రాస్తే చాలు. అన్నిటికంటే సులువైన దారి ఇంకొకటి ఉంది. బ్యాంకు పాస్‌బుక్ మీదో కార్డు వెనకో ఉన్న వెబ్‌సైట్‌కు వెళ్లి, అక్కడ ఇచ్చిన ప్లే స్టోర్ లింకు నుంచి దిగండి.

ప్లే స్టోర్ ఒక్కటే కాదు, సామ్‌సంగ్ ఫోన్లలో గెలాక్సీ స్టోర్ ఉంటుంది, అదీ నమ్మదగ్గదే. ఫోన్‌పే వాళ్లు 2024 ఫిబ్రవరిలో తెచ్చిన ఇండస్ యాప్‌స్టోర్ తెలుగులో కూడా ఉంది. ఎన్ని కొట్లున్నా ఒక కొట్టు సరిపోతుందని నా అభిప్రాయం. పెద్దవాళ్ల ఫోనులో రెండో కొట్టు పెట్టొద్దు.

ప్లే స్టోర్‌లో ఉన్నంత మాత్రాన ఏదైనా మంచిదని కూడా కాదు. ఎనీడెస్క్ లాంటి యాప్‌లు అసలువే, కంపెనీల్లో కంప్యూటర్లు దూరం నుంచి బాగుచేయడానికి వాడతారు. మోసగాడు మీ చేత అదే ఎక్కించి, మీ తెర మొత్తం తన దగ్గర చూస్తాడు. రిజర్వ్ బ్యాంకు 2019లోనే దీని గురించి బ్యాంకులను హెచ్చరించింది. కస్టమర్ కేర్ అని చెప్పుకునేవాడు తెర చూపించమన్నా, స్క్రీన్ షేర్ చేయమన్నా ఒప్పుకోవద్దు. అప్పు ఇచ్చే యాప్‌ల సంగతీ అంతే. 2023 మే 31 నుంచి ప్లే స్టోర్ నిబంధనల ప్రకారం పర్సనల్ లోన్ యాప్ మీ కాంటాక్ట్స్, ఫొటోలు అడగకూడదు. అడిగిందంటే అది నిబంధన తప్పిన యాప్, లేదా బయటి నుంచి దిగిన యాప్.

ఎక్కించాక తొలిసారి తెరిచినప్పుడు పర్మిషన్లు ఒక్కొక్కటీ వస్తాయి. యాప్ చేసే పనికీ అడిగేదానికీ పొంతన ఉందా అని చూడండి. మ్యాప్‌కు లొకేషన్ కావాలి, అదీ ‘యాప్ వాడేటప్పుడు మాత్రమే’ అని ఇవ్వండి. ఫొటో తీసేదానికి కెమెరా కావాలి. పంచాంగానికి మెసేజ్‌లు ఎందుకు? అన్నిటికంటే భయపడాల్సింది యాక్సెసబిలిటీ. ఇందాక తెలుగు చదివి వినిపించమని చెప్పింది ఈ అనుమతితోనే, కాబట్టి అదెంత శక్తిమంతమో ఊహించండి: తెర మీద ఉన్నది చదవగలదు, మీ బదులు నొక్కగలదు. ఫోనుతో పాటు వచ్చినవాటికి, చూపు లేనివాళ్లు వాడేవాటికి తప్ప ఇంకెవరికీ ఇవ్వొద్దు. ఆండ్రాయిడ్ 13 నుంచి, బయట నుంచి ఎక్కిన యాప్ దీన్ని అడిగితే ఫోను ‘రెస్ట్రిక్టెడ్ సెట్టింగ్’ అని అడ్డుకుంటుంది. ఆ అడ్డు ఎలా తీయాలో నేర్పే వీడియో ఎవరైనా పంపితే, పంపినవాడు ఎవడో మీకు తెలిసిపోయినట్టే.

ఒక్కోసారి యాప్ అవసరమే ఉండదు. సర్టిఫికెట్లకు, కరెంటు బిల్లుకు, ఇలాంటి ప్రభుత్వ పనులకు రాష్ట్ర ప్రభుత్వం 2025 జనవరి 30న ‘మన మిత్ర’ను వాట్సాప్‌లో తెచ్చింది. నంబరు 95523 00009. మీరే సేవ్ చేసుకుని హాయ్ అని పంపండి. ‘మన మిత్ర యాప్ ఇదిగో’ అని ఎవరైనా ఫైలు పంపితే తెరవద్దు.

ఇప్పటికే ఎక్కేసి ఉంటే

వరస ముఖ్యం. ముందు ఫోనును ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి, వైఫై కూడా ఆపండి. అప్పుడు ఓటీపీలు బయటికి పోవు. రెండో పని, ఇంట్లో ఇంకొకరి ఫోను నుంచి 1930కి చేయండి. అది సైబర్ నేరాల హెల్ప్‌లైన్. డబ్బు పోయిన గంటలోపు చెప్తే ఎక్కడో ఒక ఖాతాలో ఆపగలిగే అవకాశం ఎక్కువ. రేపు పొద్దున స్టేషన్‌కు పోదాంలే అనుకోవద్దు. వెంటనే బ్యాంకుకు కూడా చెప్పి ఖాతా, కార్డు ఆపించండి. పిన్, పాస్‌వర్డ్‌లు వేరే ఫోను నుంచే మార్చండి. ఆ ఫోనులో మారిస్తే కొత్తవి కూడా వాడికే పోతాయి.

తర్వాత యాప్‌ను తీసేయాలి. సెట్టింగ్స్‌లో యాప్‌ల జాబితా మొత్తం తెరవండి. హోమ్ స్క్రీన్ మీద బొమ్మ లేకపోయినా ఇక్కడ ఉంటుంది, కొన్నిసార్లు పేరు లేకుండా, కొన్నిసార్లు ఏదో సిస్టం యాప్ లాంటి పేరుతో. తీసేయనివ్వకపోతే ‘డివైస్ అడ్మిన్’ అని వెతికి, అందులో దాని టిక్కు తీసి మళ్లీ ప్రయత్నించండి. అదీ కాకపోతే ఫోనును సేఫ్ మోడ్‌లో పెట్టి తీయాలి. చాలా ఫోన్లలో పవర్ బటన్ నొక్కి, వచ్చిన ‘పవర్ ఆఫ్’ను నొక్కిపెడితే సేఫ్ మోడ్ వస్తుంది.

నెట్‌వర్క్ మళ్లీ ఆన్ చేశాక *#21# కొట్టి, మీ ఫోన్లు ఎవరికైనా మళ్లుతున్నాయేమో చూడండి. మళ్లుతుంటే ##002# కొట్టి రద్దు చేయండి. వాట్సాప్‌లో ‘లింక్డ్ డివైసెస్’ చూసి తెలియనివన్నీ తెంచేయండి. అదే ఫైలు మీ పేరుతో గ్రూపులకు వెళ్లి ఉంటే, తెరవొద్దని అక్కడే చెప్పండి. సిగ్గుపడితే ఇంకో నలుగురు పోతారు.

బ్యాంకు యాప్ ఉన్న ఫోనైతే చివరికి ఫ్యాక్టరీ రీసెట్ చేయమనే, అంటే అన్నీ చెరిపేసి కొన్ననాటిలా చేయమనే నేను చెప్తాను. అంతకు ముందు ఫొటోలు, కాంటాక్ట్స్ గూగుల్‌లో భద్రం చేసుకోండి. మెమరీ కార్డు ఉంటే తీసి, అందులోనూ డౌన్‌లోడ్స్‌లోనూ ఏపీకే ఫైళ్లుంటే చెరిపేయండి. లేదంటే నెల తర్వాత ఎవరో మళ్లీ అదే నొక్కుతారు. రీసెట్ అయ్యాక ఫోను మళ్లీ చీమ తలకాయ అక్షరాలతోనే లేస్తుంది. సింగరాయకొండ పెద్దాయన ఫోనుకు కూడా అంతే అయింది. నేను చేయి చాచేలోపే ఆయన సెట్టింగ్స్ తెరిచి, వెతికే పెట్టెలో ‘ఫాంట్’ అని కొట్టుకుంటున్నాడు.